వాటర్ టెస్టింగ్ ల్యాబ్ పెడుతున్న, కొటేషన్ చూసి గుండె ఆగినంత పనైంది. ఏది కొనాలె, ఏది వద్దు?

బోడుప్పల్_కెమిస్ట్
ఎనిమిదేళ్ళు ఒక ఫార్మా కంపెనీ క్యూసీల (క్వాలిటీ కంట్రోల్) చేసి మానేసిన. ఇప్పుడు సొంతంగా చిన్న వాటర్ టెస్టింగ్ ల్యాబ్ పెడదామని బోడుప్పల్‌ల ఫస్ట్ ఫ్లోర్ ఒకటి కిరాయికి తీసుకున్న. అపార్ట్‌మెంట్ బోర్లు, స్కూళ్ళు, ఫంక్షన్ హాళ్ళు, క్యాన్ల వాటర్ ప్లాంటోళ్ళు, వీళ్ళే కస్టమర్లు. చేతిల ఉన్నది 9 లక్షలు, డీలర్ పంపిన కొటేషన్ 16 లక్షలు. ఫైవ్ డిజిట్ బ్యాలెన్స్ (గ్రాముల ఐదో దశాంశం దాక చూపే తూకం), డబుల్ బీమ్ యూవీ స్పెక్ట్రో (శాంపిల్ ఎంత వెలుతురు పీల్చుతదో చూసేది), మల్టీ పారామీటర్ మీటర్, లామినార్ (ఫిల్టర్ గాలి పెట్టె), ఆటోక్లేవ్ (ఆవిరితోటి క్రిములు చంపేది), బీఓడీ ఇంక్యుబేటర్, ఇంకా ఏవేవో రాసిండు. ఇవి కాక లోహాలు కొలిచే ఏఏఎస్ సెకండ్ హ్యాండ్‌ది ఒకటి "మంచి రేటుకి ఇప్పిస్తా అన్నా" అని రోజూ ఫోన్.

కంపెనీల ఉన్నప్పుడు అన్నీ ఉండె, కొనేది పర్చేజోళ్ళు, మేం లాగ్‌బుక్కుల సంతకం పెట్టుడే. ఇప్పుడు నా పైసలు పెట్టాల్సొచ్చే సరికి దేనికి ఏది అవసరమో సమజైతలేదు.

ఇంకో బాధ ఏందంటే, మూతపడిన ఒక ల్యాబ్ నుంచి ఫోర్ డిజిట్ బ్యాలెన్స్ పాతది తెచ్చిన. టీడీఎస్ డిష్ (నీళ్ళు ఆవిరైనంక మిగిలిన ఉప్పులు తూచే గిన్నె) పెడితే అంకె ఆగదు, ఎక్కుతనే ఉంటది. డీలరేమో "ఫోర్ డిజిట్‌తోటి వాటర్ ల్యాబ్ నడవదన్నా, అందుకే ఫైవ్ డిజిట్ రాసిన" అంటున్నడు. నిజమేనా?

ట్రూప్‌బజార్_బాబా
16 లక్షల కొటేషన్ అంటే అది ల్యాబ్‌కి కాదు భాయ్, డీలర్ బిడ్డ పెళ్ళికి.

రిటైర్డ్_క్యూసీ
డిజిట్ల గొడవ తర్వాత. ముందు ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పండి. మీ ల్యాబ్‌లో మీరు తూచబోయే అన్నింటికంటే చిన్న బరువు ఎంత? ఇది తెలియకుండా బ్యాలెన్స్ కొనడం అంటే కాలు కొలవకుండా చెప్పులు కొనడమే.

నేనే లెక్క వేస్తాను. హార్డ్‌నెస్‌కి 0.01 మోలార్ ఈడీటీఏ, లీటరుకి 3.723 గ్రాములు. నైట్రేట్ స్టాక్‌కి పొటాషియం నైట్రేట్ 0.7218 గ్రాములు. ఫ్లోరైడ్ 100 పీపీఎం స్టాక్‌కి సోడియం ఫ్లోరైడ్ 0.221 గ్రాములు, అంటే 221 మిల్లీగ్రాములు. మంచినీళ్ళ ల్యాబ్‌లో పౌడర్ తూచేది ఇంతకంటే చిన్నది దాదాపు ఉండదు. మీరు ఫార్మా మనిషి కాబట్టి యూఎస్‌పీ (అమెరికా మందుల ప్రమాణాల పుస్తకం) 41వ చాప్టర్ గుర్తుండే ఉంటుంది. బ్యాలెన్స్ ఎంత బాగా రిపీట్ అయినా సరే, 0.41ని చివరి డిజిట్ విలువతో, దాన్ని మళ్ళీ 2000తో గుణిస్తే వచ్చేదానికి కిందకి పోకూడదు. 0.1 మిల్లీగ్రాము బ్యాలెన్స్‌కి అది 82 మిల్లీగ్రాములు. 221 ఎక్కడ, 82 ఎక్కడ. ఆ రూల్ మందులకే గానీ నీళ్ళకి రాసింది కాదు, అయినా అంత కఠినమైన రూల్‌లోనే మీ పాత ఫోర్ డిజిట్ పాసవుతుంటే ఇంకేం కావాలి.

ఇంకోటి, టీడీఎస్ డిష్ బరువే 60, 70 గ్రాములు ఉంటుంది, పెద్దదైతే ఇంకా ఎక్కువ. చాలా ఫైవ్ డిజిట్ బ్యాలెన్సులు డ్యుయల్ రేంజ్. ఐదో అంకె కొంత బరువు వరకే చూపిస్తుంది, అది దాటితే మళ్ళీ నాలుగు అంకెలే. డబ్బు ఐదింటికి కట్టి నాలుగు చూస్తూ కూర్చుంటారు.

జీడిమెట్ల_78
సర్ తో ఒప్పుకోను. రేపు ఫుడ్ టెస్టింగ్ పెడతారు, పెస్టిసైడ్ స్టాండర్డ్స్ పది మిల్లీగ్రాములు తూచాలి, అప్పుడు మళ్ళీ కొంటారా? కొనేటప్పుడే మంచిది కొంటే పోదా.

రిటైర్డ్_క్యూసీ
రేపు పెళ్ళయి పిల్లలు పుడతారని ఇవాళే స్కూల్ ఫీజు కట్టం కదండీ. ఫైవ్ డిజిట్ బ్యాలెన్స్‌కి దాని తగ్గ గది కావాలి, లేకపోతే ఐదో అంకె నిలవదు. ఫస్ట్ ఫ్లోర్, రోడ్డు మీద లారీలు, పక్కన ఫంక్షన్ హాలు.

సర్వీస్_శీను
ఫంక్షన్ హాల్ల డీజే పెట్టిన రోజు ఐదో అంకె కూడ తీన్‌మార్ ఆడతది 😄

బ్యాలెన్స్ సర్వీస్ పన్నెండేళ్ళ నుంచి చేస్తున్న కాబట్టి చెప్తున్న. అన్నా, నీ బ్యాలెన్స్‌ని తిట్టే ముందు ఒక పని చెయ్యి. డిష్ పక్కకు పెట్టి 100 గ్రాముల స్టాండర్డ్ వెయిట్ పెట్టు, చేత్తో కాదు, చిమటాతోటి. పది సార్లు పెట్టి తీసి రాస్కో. వెయిట్ నిలబడి డిష్ ఒక్కటే ఎక్కుతుంటే తప్పు బ్యాలెన్స్‌ది కాదు. రెండూ ఎక్కుతుంటే అప్పుడు నాకు ఫోన్ చెయ్. వెయిట్ ఏ క్లాసుదో చూడు, ఎఫ్1 అయితే 100 గ్రాముల మీద 0.5 మిల్లీగ్రాములు అటూ ఇటూ ఒప్పుకుంటరు, ఈ2 అయితే 0.16. కిరాణా కొట్టు రాయి పెట్టి బ్యాలెన్స్ ఖరాబైంది అన్నోళ్ళను కూడ చూసిన.

ఇంకో మాట, ఆ బ్యాలెన్స్ ఏ ఊరి నుంచి తెచ్చినవ్?

బోడుప్పల్_కెమిస్ట్
వైజాగ్ నుంచి శీనన్నా. ఎందుకు?

సర్వీస్_శీను
క్యాలిబ్రేషన్ చేసినవా తెచ్చినంక?

బోడుప్పల్_కెమిస్ట్
లేదు. అక్కడి స్టిక్కర్ ఇంకా మూడు నెలలు ఉండె.

సర్వీస్_శీను
అయ్యో రామా. స్టిక్కర్ ఊరికి వేసిందన్నా, డబ్బాకి కాదు. ఎలక్ట్రానిక్ బ్యాలెన్స్ లోపల ఉన్నది అయస్కాంతం, కాయిల్. పెట్టిన సామాను ఎంత బలంతో కిందికి గుంజుతుందో అంత బలం కాయిల్ పైకి పెడతది, ఆ కరెంటునే గ్రాముల్లకి మార్చి చూపిస్తది. అంటే అది కొలిచేది ద్రవ్యరాశి కాదు, భూమి గుంజుడు. వైజాగ్ సముద్రం ఒడ్డు, మనది 500 మీటర్ల పైన. గుంజుడు జరంత తక్కువ. 100 గ్రాముల మీద పది మిల్లీగ్రాముల పైనే తేడా వస్తది. పోయిన ఏడు ఒక కంపెనీ ఇట్లనే తీరం నుంచి బ్యాలెన్స్ తెచ్చి, క్యాలిబ్రేషన్ చెయ్యకుండ వాడి, రెండు వారాలు ఎవరి తప్పని కొట్లాడుకున్నరు. ఇంటర్నల్ క్యాలిబ్రేషన్ బటన్ ఉంటే ఒత్తితే అయిపోయేదానికి.

చూస్తూ_ఉంటా
హబ్సిగూడల ఎన్జీఆర్ఐ (భూభౌతిక పరిశోధన సంస్థ) పక్కనే కదా, గ్రావిటీ ఎంతో అడిగి రాపోండి 😀

కెమిస్ట్రీ_సార్
గ్రావిటీ సంగతి బీఎస్సీ పిల్లలకి చెప్తే నమ్మరు, శీను గారి ఉదాహరణ రేపు క్లాసులో వాడుకుంటాను.

స్పెక్ట్రో గురించి నా వంతు. మీరు చేసే టెస్టులు రాసుకోండి, పక్కన వేవ్‌లెంగ్త్ రాసుకోండి. ఐరన్ ఫినాంత్రోలిన్‌తో 510 నానోమీటర్లు, ఫ్లోరైడ్ స్పాడ్స్ అనే రంగు‌తో 570, సల్ఫేట్ టర్బిడిటీ పద్ధతిలో 420. అన్నీ విజిబుల్‌లోనే ఉన్నాయి. యూవీ కావాల్సింది ఒక్క నైట్రేట్‌కి, 220లో చదివి, 275లో చదివిందాన్ని రెండింతలు చేసి తీసేస్తాం, ఆర్గానిక్ పదార్థం ఉంటే దాని వాటా పోవడానికి. కాబట్టి యూవీ ఉన్నది తీసుకోండి గానీ డబుల్ బీమ్ అక్కర్లేదు. డబుల్ బీమ్ లాభం ఏంటంటే స్కాన్ చేస్తున్నంతసేపూ రిఫరెన్స్‌ని పక్కనే చూసుకుంటూ లాంప్ డ్రిఫ్ట్‌ని కొట్టేస్తుంది. మీరు స్కాన్ చేయరు కదా, బ్లాంక్ పెట్టి జీరో కొట్టి, శాంపిల్ పెట్టి అంకె రాసుకుంటారు, అంతే. సింగిల్ బీమ్ చాలు.

బ్రోచర్‌లో చూడాల్సింది వేరే ఉంది, స్ట్రే లైట్. దాని గురించి డీలర్ మాట్లాడడు. పనికిరాని వెలుతురు 1 శాతం లోపలికి వస్తే మీ మెషీన్ అబ్సార్బెన్స్ 2 దాటి చూపించలేదు, శాంపిల్ ఎంత చిక్కగా ఉన్నా. కర్వ్ పైన వంగిపోతుంది, మీరేమో రియేజెంట్ పాడైందనుకుంటారు.

ఒక సిగ్గుమాలిన కథ కూడా చెప్తా. మా కాలేజీలో యూవీ స్పెక్ట్రో వచ్చిన కొత్తలో పిల్లలు వారం రోజులు 220లో నైట్రేట్ చేసి ఏం చేసినా బ్లాంకే 3 చూపిస్తోందని ఏడ్చారు. చివరికి తేలింది, గాజు క్యూవెట్ (శాంపిల్ పోసే చిన్న డబ్బీ). గాజు ఆ కిరణాల్ని తినేస్తుంది, క్వార్ట్జ్ కావాలి. వాళ్ళకి ఆ క్యూవెట్లు ఇచ్చింది నేనే.

నల్గొండ_పోరడు
ఫ్లోరైడ్ అనగానే నేను రావాల్నా వద్దా 🙂 మా తాతకి మోకాళ్ళు వంగలే, కారణం నీళ్ళు. అందుకే ఈ టెస్ట్ మీద నాకు పట్టింపు ఎక్కువ.

స్పాడ్స్ వాడకండి అనను, కానీ ఒకటి తెలుసుకొని వాడుండ్రి. నీళ్ళల అల్యూమినియం ఉంటే స్పాడ్స్ తక్కువ చూపిస్తది. పటిక వేసి ఫ్లోరైడ్ తీసేసిన నీళ్ళు, అదే నీరీ (పర్యావరణ పరిశోధన సంస్థ) వాళ్ళ నల్గొండ టెక్నిక్, సున్నం, పటిక వేసి కలిపి తేర్చుడు, ఆ నీళ్ళు తెచ్చి స్పాడ్స్‌తో చేస్తే "బ్రహ్మాండంగ తగ్గింది" అని రిపోర్ట్ వస్తది. తగ్గిందో లేదో దేవునికెరుక. డిస్టిలేషన్ చేసినంక చేస్తే సరే, కానీ చిన్న ల్యాబ్‌ల రోజూ ఎవరు చేస్తరు?

ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్ తీసుకోండి. లాంథనం ఫ్లోరైడ్ క్రిస్టల్ ఉంటది దాని మూతిల. శాంపిల్‌ల టీసాబ్ అనే బఫరు కలిపితే అది పీహెచ్‌ని 5 పైన నిలబెడతది, అల్యూమినియం, ఐరన్ పట్టుకున్న ఫ్లోరైడ్‌ని విడిపిస్తది. మనకు పరిమితి లీటరుకి 1.0 మిల్లీగ్రాము, వేరే నీళ్ళు దొరకని చోట 1.5. ఆ అర మిల్లీగ్రాము కాడనే బోరు మంచిదా కాదా అని తేలేది, అక్కడ తప్పు చదివితే ఒక ఊరికి తప్పు చెప్పినట్టే.

బోడుప్పల్_కెమిస్ట్
ఈ అల్యూమినియం సంగతి నాకు తెల్వదు తమ్మీ. ఎలక్ట్రోడ్ రాసుకున్న. దానికి వేరే మీటర్ కావాల్నా?

నల్గొండ_పోరడు
మిల్లీవోల్ట్ మోడ్ ఉన్న మంచి పీహెచ్ మీటర్ సరిపోతది. ఫ్లోరైడ్ పదింతలు పెరిగితే 59 మిల్లీవోల్ట్‌ల దాక దిగుతది. 54 కంటే తక్కువ దిగుతుంటే ఎలక్ట్రోడ్‌కి వయసైపోయిందనుకో.

రిటైర్డ్_క్యూసీ
మల్టీ పారామీటర్ వద్దనడానికి ఇదే కారణం. పీహెచ్, కండక్టివిటీ, డీఓ (కరిగిన ఆక్సిజన్), అయాన్ అన్నీ ఒకే డబ్బాలో ఉంటే, ఆ డబ్బా రిపేరుకి పోయిన పది రోజులు ల్యాబ్ మూసుకోవాలి. విడివిడిగా కొనండి.

కెమిస్ట్రీ_సార్
పీహెచ్ ఎలక్ట్రోడ్ వాడనప్పుడు డిస్టిల్డ్ వాటర్‌లో ముంచి పెట్టండి, ఎండిపోకుండా ఉంటుంది.

రిటైర్డ్_క్యూసీ
వద్దు సార్ వద్దు. డిస్టిల్డ్ వాటర్‌లో పెడితే లోపలున్న కేసీఎల్ (పొటాషియం క్లోరైడ్) మెల్లగా బయటికి కారిపోతుంది, రెఫరెన్స్ పలచబడుతుంది, రీడింగ్ జారుతుంది. 3 మోలార్ కేసీఎల్‌లో పెట్టాలి.

కెమిస్ట్రీ_సార్
అయితే మా డిపార్ట్‌మెంట్‌లో పదిహేనేళ్ళుగా ఎలక్ట్రోడ్లని చంపుతున్నది నేనేనన్నమాట. క్యూవెట్ల తర్వాత ఇది రెండోది. ఇవాళ్టికి చాలు.

జీడిమెట్ల_78
సర్ 😂😂

కెమిస్ట్రీ_సార్
నవ్వండి నవ్వండి. అసలు ఈ పీహెచ్ మీటర్ పుట్టిందే 1934లో నిమ్మరసం పులుపు కొలవడానికి, బెక్‌మన్ పండ్ల కంపెనీలో పనిచేసే తన స్నేహితుడి కోసం చేశాడు. ఆయన కూడా మనలా తంటాలు పడే ఉంటాడు.

సర్వీస్_శీను
పీహెచ్‌ల ఇంకో ముచ్చట. ఏటీసీ (టెంపరేచర్‌ని తనంతట సరిచేసేది) ఉంది కదా టెంపరేచర్ గొడవ లేదు అనుకుంటరు చాలామంది. ఏటీసీ సరిచేసేది ఎలక్ట్రోడ్ స్లోప్‌ని మాత్రమే, 25 డిగ్రీల కాడ పీహెచ్ ఒకటికి 59.16 మిల్లీవోల్ట్ అనేదాన్ని. నీళ్ళ పీహెచ్ వేడికి మారుతుంటది, దాన్ని అది వెనక్కి తీస్కరాదు. మే నెలల ట్యాంక్ నీళ్ళు, ఫ్రిజ్‌ల బఫరు, రెండూ ఒకే టేబుల్ మీద పెట్టి కొలిచి తేడా వచ్చిందని ఫోన్లు.

ఇంక ఆర్ఓ నీళ్ళ పీహెచ్ అయితే రోజంతా తిరుగుతనే ఉంటది, గాలిలున్న కార్బన్ డయాక్సైడ్ తాగి. అందులో ఉప్పు ఉండదు కాబట్టి మామూలు ఎలక్ట్రోడ్ తడబడతది. క్యాన్ వాటర్ ప్లాంటోళ్ళే నీ కస్టమర్లు అంటున్నవ్ కాబట్టి ఎలక్ట్రోడ్ కొనేటప్పుడే "తక్కువ కండక్టివిటీ నీళ్ళకి" అని అడుగు.

చూస్తూ_ఉంటా
మా కాలనీకి ఆర్ఓ అమ్మేటోడు వచ్చి మా మంజీరా నీళ్ళల రెండు కడ్డీలు పెట్టి కరెంట్ ఇచ్చిండు. నిమిషంల నీళ్ళు మురికి కాలవ లెక్క అయినయ్. మా అమ్మ ఆ రోజే ఆర్ఓ కొనిచ్చింది. అది నిజమైన టెస్టేనా?

నల్గొండ_పోరడు
ఆ మురికి నీళ్ళది కాదు, కడ్డీది. ఇనుప కడ్డీ కరిగి తుప్పు తేలుతది. ఆర్ఓ నీళ్ళల ఉప్పు తక్కువ కాబట్టి కరెంట్ పోదు, రంగు రాదు. సైన్సు పేరు మీద గారడీ.

ట్రూప్‌బజార్_బాబా
ఆ కడ్డీలోడికే కొటేషన్ రాసిపెట్టమని చెప్పాల్సింది ఈ థ్రెడ్‌లోని డీలర్‌కి.

రిటైర్డ్_క్యూసీ
ఆర్ఓ వాళ్ళు ముంచి చూపించే టీడీఎస్ పెన్ను గురించి కూడా ఒక మాట. అది కొలిచేది కండక్టివిటీ, దాన్ని 0.5 నుంచి 0.7 మధ్య ఏదో ఒక అంకెతో గుణించి టీడీఎస్ అని చూపిస్తుంది. దాంట్లో బ్యాక్టీరియా కనబడదు, ఫ్లోరైడ్ ఎంతో తెలియదు. ప్లాంటు వాళ్ళు "టీడీఎస్ 60 సార్, సూపర్ వాటర్" అని వస్తారు, వాళ్ళకి ఓపిగ్గా ఇది చెప్పాల్సింది మీరే.

మైక్రో_లత
ఇప్పటిదాకా అందరూ కెమిస్ట్రీనే మాట్లాడారు, అసలు నీళ్ళు తాగి ఆస్పత్రి పాలయ్యేది ఎక్కువగా నా సబ్జెక్ట్ వల్ల.

లామినార్ హారిజాంటల్ అని కొటేషన్‌లో రాశారా? అది గాలిని ఫిల్టర్ చేసి మీ ముఖం మీదకి కొడుతుంది. లోపలున్న ప్లేట్ శుభ్రంగా ఉంటుంది, ఆ ప్లేట్‌లో ఉన్నది మాత్రం మీ ఊపిరితిత్తుల్లోకి పోతుంది. టిష్యూ కల్చర్ వాళ్ళకి సరే, వాళ్ళది మొక్క. బోరు నీళ్ళలో ఈ.కోలై బ్యాక్టీరియా పెరిగిన ట్యూబ్ మూత తీసేది మీరు. మీడియా (క్రిములు పెంచే ఆహారం) పోసుకోవడానికి వర్టికల్ లామినార్ ఉంటే చాలు, పాజిటివ్ కల్చర్లు తెరవడం ఎక్కువైతే క్లాస్ 2 బయోసేఫ్టీ క్యాబినెట్. అది మీ బడ్జెట్‌కి బరువే. మొదట్లో ఫ్యాన్ ఆపిన గది, బర్నర్, ఎంపీఎన్ ట్యూబులు (బ్యాక్టీరియా ఎంతుందో అంచనా కట్టేవి), వీటితో మొదలుపెట్టినవాళ్ళం చాలామందిమి.

శాంపిల్ సీసాలో సోడియం థయోసల్ఫేట్ వేసి స్టెరిలైజ్ చేయడం మర్చిపోకండి. క్లోరిన్ ఉన్న నల్లా నీళ్ళు మామూలు సీసాలో తెస్తే ల్యాబ్‌కి వచ్చేలోపు క్లోరిన్ అన్నింటినీ చంపేస్తుంది, మీరు "లేదు" అని రాస్తారు. 100 మిల్లీలీటర్లలో ఈ.కోలై అసలు కనబడకూడదనేది ఐఎస్ 10500 (తాగునీటి భారత ప్రమాణం) మాట, కాబట్టి తప్పుడు "లేదు" కంటే పెద్ద తప్పు లేదు.

జీడిమెట్ల_78
బీఓడీ ఇంక్యుబేటర్ అయితే కచ్చితంగా కొట్టేయాలి కదా మేడమ్, బీఓడీ (మురికిని తినే క్రిములకి ఎంత ఆక్సిజన్ పడుతుందో చూసే టెస్ట్) మురుగునీళ్ళకి చేస్తారు, తాగే నీళ్ళకి కాదు.

మైక్రో_లత
పేరు చూసి కొట్టేయకండి. మామూలు ఇంక్యుబేటర్‌లో ఉండేది హీటర్ ఒక్కటే, చల్లబరచలేదు. మే నెలలో బోడుప్పల్ ఫస్ట్ ఫ్లోర్, పైన స్లాబ్, కరెంట్ పోయి ఏసీ ఆగింది, గది 40 దాటింది. 37 దగ్గర ఉండాల్సిన మీ ట్యూబులు ఎక్కడుంటాయి? గది వేడి సెట్ చేసిన దానికంటే ఓ ఐదు డిగ్రీలు తక్కువ ఉంటేనే హీటర్ పెట్టె సరిగ్గా పట్టుకుంటుంది. బీఓడీ ఇంక్యుబేటర్ అంటే కంప్రెసర్ ఉన్న పెట్టె, అంతే. రేపు ఎస్‌టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నీళ్ళు వస్తే మన పద్ధతిలో 27 డిగ్రీలకి మూడు రోజుల బీఓడీ కూడా అందులోనే పెట్టుకోవచ్చు. 16 లక్షల కొటేషన్‌లో నేను ఉంచేది అదొక్కటే.

జీడిమెట్ల_78
ఓకే ఇది ఆలోచించలేదు. విత్‌డ్రా.

మైక్రో_లత
ఆటోక్లేవ్‌కి కూడా మన ఊరి సంగతి ఉంది. గేజ్ 15 పౌండ్లు చూపిస్తే 121 డిగ్రీలు అని అందరం బట్టీ పట్టాం. అది సముద్ర మట్టం లెక్క. ఇక్కడ బయటి గాలి ఒత్తిడే తక్కువ, నీళ్ళు 98 దగ్గరే మరుగుతాయి. అదే 15 పౌండ్ల దగ్గర లోపల ఒక డిగ్రీ దాకా తగ్గుతుంది. దానికంటే పెద్ద తప్పు గాలి పూర్తిగా పోకముందే వాల్వ్ మూసేయడం. ముల్లు 15 మీద ఉంటుంది, లోపల ఆవిరి, గాలి కలిసి ఎంత వేడి ఉందో ఎవరికీ తెలియదు. డిజిటల్ టెంపరేచర్ చూపించేదే కొనండి, నెలకోసారి స్పోర్ స్ట్రిప్ (క్రిములు నిజంగా చచ్చాయో లేదో చూపేది) పెట్టి చూడండి.

ట్రూప్‌బజార్_బాబా
అక్కా మా ఇంట్ల కుక్కర్ కూడ 15 పౌండ్లే, మూడు విజిల్లకి స్టెరిలైజ్ అయితదా?

మైక్రో_లత
పప్పు అయితది బాబా.

బోడుప్పల్_కెమిస్ట్
శీనన్నా, ముందుగాల ఇంటర్నల్ క్యాలిబ్రేషన్ ఒత్తిన. వెయిట్ పది సార్లు పెట్టిన. 100.0001, 100.0000, 100.0001, 99.9999, ఇట్లనే అన్నీ. డిష్ మాత్రం ఐదు నిమిషాల్ల 6 మిల్లీగ్రాములు ఎక్కింది.

సర్వీస్_శీను
బ్యాలెన్స్ బంగారం. డిష్ వేడిగున్నదా?

బోడుప్పల్_కెమిస్ట్
180 డిగ్రీల ఓవెన్ నుంచి తీసి, తేమ తగలకుండ ఉంచే గాజు పెట్టె డెసికేటర్‌ల పెడత. ఒక పది నిమిషాలు.

రిటైర్డ్_క్యూసీ
పది నిమిషాలకి పింగాణీ డిష్ ఎక్కడ చల్లారుతుంది? వేడి డిష్ చుట్టూ గాలి వేడెక్కి పైకి లేస్తుంది, డిష్‌ని కూడా కొంచెం లేపినట్టవుతుంది, బరువు తక్కువ చూపిస్తుంది. చల్లారేకొద్దీ అంకె ఎక్కుతుంది. గంట ఉంచండి. అదొక్కటే కాదు, కాల్షియం, మెగ్నీషియం క్లోరైడ్లు ఉన్న ఆ తెల్లటి పొర గాలిలో తేమ పీల్చుకుంటుంది, దానివల్ల కూడా ఎక్కుతుంది. డెసికేటర్‌లో సిలికా జెల్ ఏ రంగులో ఉంది?

బోడుప్పల్_కెమిస్ట్
గులాబీ.

రిటైర్డ్_క్యూసీ
...

సర్వీస్_శీను
😂😂😂 ఎనిమిదేళ్ళు క్యూసీ. గులాబీ అంటే జెల్ తేమ తాగి నిండిపోయిందన్నా, పొడిగుంటే నీలం

బోడుప్పల్_కెమిస్ట్
నవ్వకండి. కంపెనీల హౌస్ కీపింగ్ అన్న మార్చేటోడు. నేను ఎప్పుడూ నీలంగనే చూసిన, గులాబీ రంగుల కూడ దొరుకుతదేమో అనుకున్న.

చూస్తూ_ఉంటా
థ్రెడ్ ఆఫ్ ది ఇయర్.

జీడిమెట్ల_78
ఏఏఎస్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా, ఎందుకంటే ఆ గుంటలో నేను పడ్డాను. సెకండ్ హ్యాండ్ ఫ్లేమ్ ఏఏఎస్ సగం కంటే తక్కువ ధరకి వచ్చిందని తీసుకున్నాం. లెడ్ పరిమితి లీటరుకి 0.01 మిల్లీగ్రాము. ఫ్లేమ్‌కి అంత కింద కళ్ళు కనబడవు, గ్రాఫైట్ ఫర్నేస్ కావాలి, లేదంటే ఐసీపీఎంఎస్ అనే వేరే మెషీన్. ప్రతి ఎలిమెంట్‌కి హాలో కాథోడ్ లాంప్ వేరే, ఎసిటిలీన్ సిలిండర్ వేరే, పైన ఎగ్జాస్ట్ వేరే. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ పాత ఓనర్ పేరు మీద ఉంది, డాంగిల్ (సాఫ్ట్‌వేర్ తెరిచే తాళం) పోయింది, కంప్యూటర్ చూస్తే విండోస్ ఎక్స్‌పీ. అమ్మినవాడి ఫోన్ స్విచ్ ఆఫ్. ఇప్పుడు దాని మీద మా అటెండర్ టిఫిన్ బాక్సులు పెడుతున్నాడు.

మెటల్స్ వస్తే నాచారం, ఉప్పల్ వైపు అక్రెడిటేషన్ ఉన్న ల్యాబ్‌లకి పంపి, బయట చేయించామని రిపోర్ట్‌లో రాయండి. అది తప్పు కాదు.

బోడుప్పల్_కెమిస్ట్
సర్, నిన్న మీరే కదా రేపటి కోసం ఇవాళే పెద్దది కొనమన్నది?

జీడిమెట్ల_78
అనుభవంతోనే కదా చెప్పేది, రెండువైపులా 😅

ట్రూప్‌బజార్_బాబా
నాకు ల్యాబ్ తెల్వదు గానీ కరెంట్ తెలుసు. మెషీన్లు పెట్టే ముందు మీటర్ పెట్టి న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్యల ఎంత వోల్టేజ్ ఉందో చూడు. రెండు మూడు వోల్టులు దాటితే మదర్ బోర్డులు పోతయ్, అప్పుడు డీలరు "వారంటీల రాదు భాయ్, మీ ఎర్తింగ్ ఖరాబ్" అంటడు, వాడు అనేది కూడ నిజమే. కిరాయి బిల్డింగుల్ల ఎర్తింగ్ పేరుకే ఉంటది, వైరు గోడల దాకనే పోయి ఆగుతది. నీకు వేరే గుంత తవ్వించుకో. ఓనర్‌ని ముందే అడుగు. ఓవెన్, ఆటోక్లేవ్‌ని యూపీఎస్ మీద పెట్టకు, స్పెక్ట్రో, బ్యాలెన్స్ మాత్రం పెట్టు.

సర్వీస్_శీను
బాబా ఇంత సీరియస్‌గ మాట్లాడుడు మొదటిసారి చూసిన. కరెక్ట్ చెప్పిండు. నేను పోయే కంప్లైంట్లల్ల శానా మటుకు మెషీన్ తప్పు ఉండదు, ఎర్తింగో, ఏసీ గాలి సీదా బ్యాలెన్స్ మీదికి కొట్టుడో, చెక్క టేబుల్ ఊగుడో. బ్యాలెన్స్‌కి రెండు ఇటుక దిమ్మెలు కట్టించి పైన గ్రానైట్ పలక వేపిచ్చుకో, గోడకి తగలకుండ. షాబాద్ బండ అయినా సరే.

రిటైర్డ్_క్యూసీ
క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ల సంగతి చెప్పి ఆపేస్తాను. "ఎన్ఏబీఎల్ ట్రేసబుల్" అని పెద్ద అక్షరాల్లో రాసి అమ్ముతారు (ఎన్ఏబీఎల్ అంటే ల్యాబ్‌లకి గుర్తింపు ఇచ్చే సంస్థ). అది వేరే, క్యాలిబ్రేషన్ చేసిన ల్యాబ్‌కే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉండటం వేరే. మీరు రేపు ఐఎస్ఓ 17025 (టెస్టింగ్ ల్యాబ్‌ల ప్రమాణం) గుర్తింపుకి అప్లై చేస్తే అసెసర్ చూసేది రెండోది. ఆ ల్యాబ్ స్కోప్‌లో మీ రేంజ్ ఉందా, సర్టిఫికెట్‌లో అన్‌సర్టెన్టీ అంకె ఉందా చూసుకోండి. ఉత్తి "ఓకే" అని స్టాంప్ ఉంటే అది శుభలేఖతో సమానం.

గాజుసామానులో పిసినారితనం చేయకండి. హార్డ్‌నెస్, ఆల్కలినిటీ, క్లోరైడ్, సగం ల్యాబ్ బ్యూరెట్ మీదే నడుస్తుంది. క్లాస్ ఏ (కొలత కచ్చితంగా ఉండే రకం) బ్యూరెట్లు, పిపెట్లు, ఫ్లాస్కులు కొనండి. కొటేషన్‌లో గాజుసామాను ఎంతకి రాశాడు?

బోడుప్పల్_కెమిస్ట్
"అసార్టెడ్ గ్లాస్‌వేర్, లంప్‌సమ్" అని రాసిండు సర్.

రిటైర్డ్_క్యూసీ
అదీ సంగతి. రిపోర్ట్‌లో ఎక్కువ అంకెలు వచ్చేది దాని నుంచి, దానికే ఒక్క లైను.

కెమిస్ట్రీ_సార్
ఒక ఊరట మాట. రోనాల్డ్ రాస్ 1897లో మన బేగంపేటలోనే దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని కనిపెట్టినప్పుడు ఆయన మైక్రోస్కోప్ స్క్రూలు చెమటకి తుప్పు పట్టాయి, మిగిలిన ఒక్క ఐపీస్‌కి పగులు. దానికి ఏఎంసీ (ఏడాది సర్వీస్ కాంట్రాక్ట్) కూడా లేదు.

ట్రూప్‌బజార్_బాబా
ఆయనకు డీలర్ కూడ లేకుండె సార్, అందుకే నోబెల్ వచ్చింది.

బోడుప్పల్_కెమిస్ట్
నాలుగు రోజుల తర్వాత వస్తున్న. సిలికా జెల్ ఓవెన్‌ల పెట్టిన, నీలం అయింది. డిష్ గంట చల్లార్చి తూచిన, రెండోసారి మళ్ళీ ఓవెన్‌ల పెట్టి, చల్లార్చి తూచిన, రెండింటికీ తేడా 0.2 మిల్లీగ్రాములు. బ్యాలెన్స్ అదే పాతది, ఊరే మారింది.

ఫైవ్ డిజిట్ కొట్టేసిన, ఏఏఎస్ కొట్టేసిన, మల్టీ పారామీటర్ బదులు పీహెచ్, కండక్టివిటీ విడివిడిగ, దాంతోని ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్. స్పెక్ట్రో సింగిల్ బీమ్, రెండు క్వార్ట్జ్ క్యూవెట్లు. లతక్క చెప్పినట్టు బీఓడీ ఇంక్యుబేటర్ ఉంచిన, లామినార్ వర్టికల్‌కి మార్చిన. గాజుసామాను లంప్‌సమ్ తీసేయించి ఒక్కొక్కటి క్లాస్ ఏ అని రాయించిన. ఎర్తింగ్‌కి ఓనర్ ఇంకా ఒప్పుకుంటలేడు, గుంత తవ్వితే వాస్తు పోతదట, ఈశాన్యం అంట. బాబా ఏమన్న ఐడియా ఉంటే చెప్పు.

మొత్తం 9 లక్షల 40 వేల కాడికి వచ్చింది. డీలర్‌కి లిస్ట్ పంపితే ఫోన్ చేసిండు. "ఫైవ్ డిజిట్ ఎందుకు తీసేసినవన్నా, డ్రిఫ్ట్ ఉందన్నవ్ కదా" అన్నడు. సిలికా జెల్ సంగతి చెప్పిన. కొద్దిసేపు సప్పుడు లేదు. తర్వాత "అయితే ఆటో డెసికేటర్ ఒకటి ఉందన్నా, రంగు చూసుడు అవసరం లేదు, పంపాల్నా కొటేషన్?" అన్నడు.

ట్రూప్‌బజార్_బాబా
ఈశాన్యంల నీళ్ళ గుంత మంచిదే కదా అని చెప్పు ఓనర్‌కి. ఎర్తింగ్ గుంతల రోజూ బకెట్ నీళ్ళు పొయ్యాలె, అబద్ధం కూడ కాదు.